గుక్కెడు నీళ్ళు ఇవ్వని వార్డు

‘వేడి చేసింది’ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మీలో చాలామంది నవ్వుతారని తెలుసు. మామిడిపళ్ళ కాలంలో మన ఇళ్ళలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినపడే మాట అది. కళ్ళు మండితే వేడి. నోరు పూస్తే వేడి. ముక్కు వెంట రక్తం కారితే వేడి. కాళ్ళ మీద పుండ్లు లేస్తే అవి సెగ్గడ్డలు, అంటే మళ్ళీ వేడే. మనిషి మాటలు నేర్చుకున్నది ప్రశ్నలు అడగడానికని నమ్మినవాణ్ణి నేను. కానీ కొన్ని మాటలు ప్రశ్న నోరు నొక్కడానికే పుట్టాయి. ఈ మాటకు ఎదురుప్రశ్న లేదు. జబ్బు పేరు తెలిసిపోయిందనిపిస్తుంది, మందు తెలిసిపోయిందనిపిస్తుంది, ఇక డాక్టరు ఎందుకనిపిస్తుంది. అలా అనిపించడం ఎంత ప్రమాదమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

డెబ్బయ్యో దశకంలో నేను తిరువూరులో ఒక చిన్న ఆసుపత్రిలో ల్యాబు టెక్నీషియన్ని. ఆసుపత్రి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. ల్యాబు అంటే ఇప్పుడు మీరు చూసే చల్లటి అద్దాల గది కాదు. వరండా చివర తడిక కట్టిన మూల. ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిట్ దీపం, కొన్ని టెస్ట్ ట్యూబులు. రక్తమైనా, కళ్ళె అయినా, మూత్రమైనా ఆ బల్ల మీదికే వచ్చేవి.

డాక్టరు గారు చదువు పూర్తయి ఎక్కువ కాలం కాని మనిషి. మనసులో మాట ముఖంలో కనపడిపోయేది. ఆయన భయపడితే ఆసుపత్రి అంతటికీ తెలిసేది. వార్డు సిస్టరు గారు ఆయనకంటే వయసులో పెద్దది, గట్టి క్రైస్తవురాలు. పొద్దున డ్యూటీ ఎక్కేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. నేనేమో సాయంత్రాలు చర్చావేదికల మీద దేవుడి గురించీ, జాతకాల గురించీ, కులం గురించీ గొంతు చించుకునేవాణ్ణి. “ఏమండీ హేతువాది గారూ, నిన్న ఎవర్ని ఓడించారు?” అని అడిగేది ఆవిడ. “మీ దేవుణ్ణే సిస్టరు గారూ” అనేవాణ్ణి. “ఆయనకి అలవాటేలెండి, మళ్ళీ లేస్తాడు” అనేది.

ఒక మే నెలలో, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటున్న రోజుల్లో, రెడ్డిగూడెం వైపు మామిడితోటకు కాపలా ఉండే కుటుంబం ఒక ఆడపిల్లను తీసుకొచ్చింది. ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. తండ్రి భుజాన వేసుకొచ్చాడు. వెనకాల అమ్మమ్మ. తల్లి పురిటి మంచం మీద ఉందట, అందుకని పిల్ల బాధ్యత అంతా ముసలామెదే. పిల్ల ముఖం ఉబ్బి ఉంది. కనురెప్పలు రెండూ వాచి కళ్ళు గీతల్లా కనపడుతున్నాయి. పిక్కల మీద ఎండిపోతున్న పుండ్ల మచ్చలు.

“ఏమైందమ్మా?” అన్నాడు డాక్టరు గారు.

“వేడి చేసిందయ్యా. తోటలోనే ఉంటంగదా, పళ్ళు తెగ తిన్నది. ముందు సెగ్గడ్డలు లేచినయ్. అయ్యి మానినయ్యి, ఇప్పుడు ఉచ్చ పోయట్లా. పోసినా చెంచాడు. అదీ ఎర్రంగా.”

ఆ ఎర్రటి చెంచాడు నా బల్ల మీదికి వచ్చింది. మాంసం కడిగిన నీళ్ళ రంగు. మైక్రోస్కోపు కింద ఎటు చూసినా రక్తకణాలే. ఒక ట్యూబులో పోసి స్పిరిట్ దీపం మీద పై భాగం కాచాను. తెల్లటి మబ్బు కమ్మింది. ఆమ్లం చుక్కలు వేసినా కరగలేదు. అంటే రక్తంలో ఉండాల్సిన మాంసకృత్తులు మూత్రంలోకి కారిపోతున్నాయి. చీటీ డాక్టరు గారి చేతికి ఇచ్చాను. ఆయన చూసి, పిల్ల బీపీ చూసి, మళ్ళీ చూశాడు. ముఖం మాడిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగి మీకు ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మా భయం మీకు అర్థం కాదు. మన నడుం దగ్గర వెన్నుకు అటూ ఇటూ ఉన్న రెండు కిడ్నీల్లో సన్నటి రక్తనాళాలు ఉండచుట్టుకున్న ముడులు లక్షల్లో ఉంటాయి. రక్తం వాటిలోంచి పోతున్నప్పుడు నీరూ, కరిగిన మాలిన్యాలూ వడకట్టినట్టు బయటికి దిగుతాయి. రక్తకణాలూ, మాంసకృత్తులూ లోపలే ఉండిపోతాయి. దిగిన నీటిలోంచి ఒంటికి కావలసినదాన్ని దారిలోనే తిరిగి లాక్కుని, మిగిలినదాన్ని మూత్రంగా పంపుతాయి. రాత్రీ పగలూ ఆగని పని. మనకు దాని ఊసే ఉండదు. ఈ పిల్లకు జరిగింది ఏమిటంటే, ఆ ‘సెగ్గడ్డల్లో’ చేరిన క్రిమితో ఒళ్ళు పోరాడింది. ఆ పోరాటంలో మిగిలిన చెత్త వెళ్ళి ఈ ముడుల్లో ఇరుక్కుంది. ముడులు వాచిపోయాయి. ఇక పోవాల్సిన నీరు పోదు, ఉండాల్సిన రక్తం ఉండదు. వచ్చిన నీరు ఎక్కడికి పోవాలి? ముఖంలోకి, కాళ్ళలోకి, ఆఖరికి ఊపిరితిత్తుల్లోకి.

పుండ్లు లేచిన మూడు నాలుగు వారాలకు, అవి మానేవేళకు ఇది వస్తుంది. అందుకే ఎవరూ రెంటినీ కలిపి చూడరు. చిత్రం ఏమిటంటే, ఈ అమ్మమ్మ కలిపి చూసింది. పుండ్లకూ ఉచ్చ ఆగిపోవడానికీ సంబంధం ఉందని ఆమెకు తెలుసు. కాకపోతే మధ్యలో కట్టిన వంతెన పేరు ‘వేడి’.

వాచిన ముడుల్ని విప్పే మందు మా దగ్గర లేదు. ఆ మాటకొస్తే ఎవరి దగ్గరా లేదు. క్రిమికి పెన్సిలిన్ ఇవ్వాలి, నీరు లాగే ఇంజెక్షను ఇవ్వాలి, ఒళ్ళు తనంతట తాను తేరుకునేదాకా పిల్లను కాపాడాలి. కాపాడటం అంటే లోపలికి ఏమీ ఎక్కువ పంపకపోవడం.

“ఉప్పు అస్సలు వద్దు. నీళ్ళు నేను చెప్పినంతే. సిస్టరు గారు కొలిచి ఇస్తారు” అన్నాడు డాక్టరు గారు.

ముసలామె ఆయన ముఖంలోకి చూసింది. వినపడలేదేమో అనుకున్నాం. వినపడింది.

“గొడ్డు వచ్చి గుమ్మంలో నిలబడితే కుడితి పెడతామయ్యా. ఈ ఎండల్లో పసిపిల్ల నాలిక పిడచకట్టుకుపోయి నీళ్ళడిగితే ఇయ్యొద్దంటారా? మీరు ఏం చదూకున్నారయ్యా?”

నిజానికి ఆ ప్రశ్న పక్క మంచాల వాళ్ళందరి కళ్ళలోనూ ఉంది. తిరువూరు మే నెల మీకు తెలుసు. కిటికీ ఊచలు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ వేడిగాడ్పులో పిల్ల “నీళ్ళు, నీళ్ళు” అని సన్నగా గొణుగుతుంటే సిస్టరు గారు ఔన్సు గ్లాసుతో కొలిచి పెదాల దగ్గర పెట్టేది. అయిపోగానే పిల్ల ఖాళీ గ్లాసును నాకేది. నేను అటు వెళ్ళడం మానేశాను. వెళ్ళకపోయినా ఆ గొంతు వరండా చివరిదాకా వినపడేది.

మర్నాడు డాక్టరు గారు ముసలామెను వెంటబెట్టుకుని నా మూలకు వచ్చాడు. “మీరు మీటింగుల్లో అంత మాట్లాడతారు గదా! ఈవిడకి చూపించండి. కళ్ళతో చూస్తే నమ్ముతుంది.”

నాకూ ఉత్సాహం వచ్చింది. ప్రత్యక్ష ప్రమాణం కంటే గొప్ప వాదన ఏముంది? పిల్ల మూత్రం ట్యూబులో పోశాను. “చూడమ్మా, రంగు ఎర్రగా ఉన్నా ఇప్పుడు నీళ్ళలాగే పలచగా ఉందిగదా” అన్నాను. దీపం మీద పెట్టాను. పైభాగం తెల్లగా గడ్డకట్టింది. “ఇది ఒంట్లో ఉండాల్సిన బలం. వడపోత చెడి ఇట్లా బయటికి పోతోంది.”

ముసలామె ట్యూబు దగ్గరికి వంగి చూసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“నేను చెప్పలా! పాలు విరిగినట్టు విరిగిపోయిందిగా. వేడే!”

“అమ్మా, వేడి చేసింది నేను. ఈ దీపంతో. పిల్ల ఒంట్లో వేడి కాదు.”

“ఇంత దీపానికే ఇట్టా విరిగితే, లోపల ఎంతుండాలి బాబూ?”

డాక్టరు గారు నావైపు చూశాడు. నేను దీపం వైపు చూశాను. మందుల ట్రేతో అటు వచ్చిన సిస్టరు గారు నవ్వు ఆపుకోలేకపోయింది. “హేతువాది గారూ, ఇవాళ మీటింగులో ఆవిడే గెలిచింది.”

మేమూ నవ్వాం. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఎందుకంటే ఆ ట్యూబు చూసి ఆమె మనసులో ఉన్న కొద్దిపాటి సందేహమూ తీరిపోయింది. వేడిని తన కళ్ళతో చూసింది. వేడికి మందేమిటో మన మెట్ట ఊళ్ళలో పసివాళ్ళకు కూడా తెలుసు.

తర్వాత రోజుల్లో లెక్క తప్పడం మొదలైంది. నీళ్ళు కొలిచే ఇస్తున్నాం. ఇంజెక్షను ఇస్తూనే ఉన్నాం. అయినా పిల్ల ఒళ్ళు ఉబ్బుతూనే ఉంది. పొద్దున డాక్టరు గారు సన్నగా ఉండాల్సిన ఆ కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడి, ఎంతకీ పూడేది కాదు. పడుకుంటే ఆయాసం. దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాల్సి వచ్చింది. “నా లెక్క ఎక్కడో తప్పుతోంది” అని డాక్టరు గారు నా బల్ల దగ్గర నిలబడి తనలో తాను అనుకునేవాడు. బెజవాడ పంపుదామా అని ఆలోచించాడు. ఆయాసంతో ఉన్న పిల్ల ఆ ఎండలో ఆ బస్సు కుదుపుల్లో చేరుతుందన్న ధైర్యం చాల్లేదు.

ఒక మధ్యాహ్నం సిస్టరు గారు కొలత గ్లాసు పట్టుకెళితే పిల్ల తల అడ్డంగా ఊపింది. గ్లాసును నాకే పిల్ల నీళ్ళు వద్దంటోంది.

“ఏమ్మా, దాహం లేదా?”

“లేదు. అమ్మమ్మ బొండాం నీళ్ళు ఇచ్చిందిగా.”

మంచం కింద మూత బిగించిన మరచెంబు ఉంది. తండ్రి రోజూ బజారులో కొబ్బరిబొండాలు కొట్టించి, నీళ్ళు దాంట్లో పోయించి తెస్తున్నాడు. వేడి తగ్గాలని. సిస్టరు గారు చెంబు ఎత్తి చూసి, పిల్ల చెయ్యి పట్టుకుంది. నాడి మీద వేళ్ళు ఉంచి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత వరండాలోకి వచ్చి, “డాక్టరు గార్ని పిలవండి. పల్సు ఆగి ఆగి కొడుతోంది” అంది నాతో. ఆవిడ గొంతు అంత మెల్లగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు. నేను పరుగెత్తాను.

కొబ్బరినీళ్ళు విషం కావు. కిడ్నీలు పనిచేసే మనిషికి మంచివే. వాటిలో పొటాషియం అనే లవణం ఎక్కువ. ఎక్కువైనదాన్ని కిడ్నీలు మూత్రంలో బయటికి తోసేస్తాయి. ఆ దారి మూసుకుపోయిన ఒంట్లో అది రక్తంలోనే పేరుకుంటుంది. పేరుకుని గుండెను తడబెడుతుంది, కొన్నిసార్లు ఆపేస్తుంది. దాన్ని కొలిచే సాధనం నా బల్ల మీద లేదు. డాక్టరు గారికి ఉన్నది ఆ చెంబూ, ఆ నాడీ మాత్రమే. వాటిని బట్టే తేల్చుకున్నాడు.

“కాల్షియం తీయండి.”

పొటాషియం దెబ్బ నుంచి గుండెను కాసే మందు అది, కానీ నరంలోకి తొందరగా పోతే అదే ప్రాణం తీస్తుంది. డాక్టరు గారు చుక్కచుక్కగా నొక్కుతున్నాడు. సిస్టరు గారు రెండో చేతి నాడి పట్టుకుని “ఉంది... ఉంది... ఆగండి... ఉంది” అంటోంది. దీపం పట్టుకునే నా చేతులకు అక్కడ పని లేదు. పిల్ల కాళ్ళు కదలకుండా పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. పిల్ల కదలడం లేదు.

నాడి కాస్త నిలదొక్కుకుంది. డాక్టరు గారు చెమట తుడుచుకోకుండానే ముసలామె వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. “ఇంకో చెంబు తాగించి ఉంటే పోయేదమ్మా” అన్నాడు. అంతే.

తండ్రికి ఆ మాటతో మతిపోయింది. అప్పటిదాకా నోరెత్తని మనిషి ఒక్కసారిగా లేచాడు. “నీళ్ళియ్యక ఎండబెట్టి మీరు చంపుతా ఉండి, మా మీదకి తోస్తారా? విస్సన్నపేట అవతల ఒకాయన వేడికి పసరు పోస్తాడంట. నా పిల్లని నేను తీసకపోతా” అని పిల్లను దిండ్ల మీంచి ఎత్తబోయాడు. సిస్టరు గారు అడ్డం నిలబడింది. నేను వాదించడానికి నోరు తెరిచాను. ఇన్ని వేదికలెక్కి, ఇంతమందిని నిలదీసి, ఇప్పుడొక తండ్రిని ఆపడానికి నా దగ్గర వాక్యం లేదు. అతను పిల్లను బస్సెక్కిస్తే దారిలోనే అయిపోతుందని అక్కడ ఉన్న మాకు ముగ్గురికీ తెలుసు.

అప్పుడు ముసలామె మంచం మీదికి వంగింది. రోజూ డాక్టరు గారు చేసేది చూసింది కదా, అలాగే పిల్ల కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. తీసింది. గుంట పడింది. ఆ గుంటనే చూస్తూ కూర్చుంది. అది పూడలేదు. ఇంకోచోట నొక్కింది. అక్కడా అంతే.

“బాబూ” అంది నన్ను చూసి. “నేను పోసిన నీళ్ళు... ఇయ్యేనా?”

“అవునమ్మా” అన్నాను. నా జీవితంలో నేను చేసిన అతి చిన్న ఉపన్యాసం అదే.

ఆమె లేచి అల్లుడి చెయ్యి పిల్ల మీంచి తీసేసింది. “దించు. ఏడికీ పోవద్దు. బిడ్డ ఒంటినిండా నా నీళ్ళే ఉన్నయ్. ఇయ్యి బయటికి పోయిందాకా చుక్క పోసేదే లేదు.”

అల్లుడు ఏదో అనబోయాడు. “నోర్ముయ్” అంది.

నేను ట్యూబు కాచి చూపించినా ఎక్కనిది ఆమె బొటనవేలికి ఎక్కింది. నీళ్ళు పోశాను, బయటికి రాలేదు, అయితే ఎక్కడున్నాయి? ఇంతే ప్రశ్న. ‘వేడి’ అన్న మాట ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నను ఆమె దగ్గరకు రానివ్వలేదు. చదువుకున్న మనం మాత్రం? మనకూ అలాంటి మాటలు బోలెడున్నాయి. వాటికి ఇంగ్లీషు పేర్లు ఉండటం వల్ల గుర్తుపట్టం.

ఆ తర్వాత రోజులు గడవడమే కష్టమైంది. చేయగలిగిందంతా చేసేశాం. ఇక చూడటమే. మంచం కింద మూత్రానికి పెట్టిన ఎనామిల్ బేసిన్ ఖాళీగా ఉండేది. డాక్టరు గారు వచ్చినప్పుడల్లా ముందు పిల్లను కాదు, బేసిన్ను చూసేవాడు. సిస్టరు గారి ప్రార్థనలు పొడుగయ్యాయి. నన్ను ఆటపట్టించడం మానేసింది, నేనూ ఆవిణ్ణి ఏమీ అనలేదు. ముసలామె తడిగుడ్డతో పిల్ల పెదాలు అద్దుతూ, ఆ గుడ్డ పిల్ల చప్పరించకుండా చూస్తూ కూర్చునేది. పిల్ల ఏడిస్తే తనూ ఏడ్చేది, చెంబు మాత్రం ముట్టలేదు. తోట నుంచి చుట్టాలు బొండాలు మోసుకొస్తే గుమ్మంలోనే ఆపేసింది. “లోపలికి అడుగుపెట్టారంటే ఆ బొండాలతోనే కొడతా. పిల్లని చంపటానికొచ్చారా?” వాళ్ళు ఆమెకు మతి చలించిందనుకుని మా వైపు జాలిగా చూశారు.

ఒక పొద్దున నేను తడిక తీస్తుంటే ముసలామె బేసిన్ రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, తొణకకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వరండా అంతా నడుచుకుంటూ వచ్చింది. బేసిన్ అడుగంతా నిండి ఉంది. రంగు ఇంకా మబ్బుగానే ఉంది, కానీ అది చెంచాడు కాదు. సిస్టరు గారు వెనకాలే వచ్చింది. పక్క మంచాల వాళ్ళు కూడా లేచొచ్చారు. ఒక ఎనిమిదేళ్ళ పిల్ల ఉచ్చను చూసి అంతమంది ముఖాలు వెలగడం అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. సిస్టరు గారు స్తోత్రం చెప్పుకుంది. చెప్పుకోనిచ్చాను. మేమేమీ ఆ ముడులు విప్పలేదు, ఒళ్ళే విప్పుకుంది. దానికి అడ్డం పడటం మానేశాం, అంతే.

వాపు దిగేకొద్దీ కనురెప్పల వెనకనుంచి కళ్ళు బయటపడ్డాయి. తర్వాత చెంపలు, గడ్డం, సన్నటి మెడ. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు: “అయ్యో, ఎంత చిక్కిపోయిందే నా తల్లి! బుగ్గలు ఏమైపోయినయ్యే?”

“పోనీయండే ఆ నీళ్ళ బుగ్గలు” అంది ముసలామె. “ఇదే మా పిల్ల ముఖం.”

ఆ రోజు మధ్యాహ్నం డాక్టరు గారు బేసిన్ చూసి, బీపీ చూసి, గుండె విని, “ఇవాళ్టినుంచి గ్లాసు నిండా ఇవ్వండి” అన్నాడు. సిస్టరు గారు మట్టికుండలోంచి నీళ్ళు ముంచి గ్లాసు ముసలామె చేతికి అందించింది. ఆమె పుచ్చుకుంది కానీ ఇవ్వలేకపోయింది. గ్లాసును తన ఒళ్ళోకి దగ్గరగా లాక్కుంది.

“ఇయ్యమంటారా బాబూ? నిజంగా ఇయ్యమంటారా?” అని నన్ను అడిగింది, డాక్టరు గారిని అడిగింది, మళ్ళీ సిస్టరు గారిని అడిగింది. “మళ్ళీ లోపలే ఉండిపోతేనో?”

మా ఎవరి దగ్గరా హామీ లేదు. వడపోత తిరిగి మొదలైందని తెలుసు, ఒక గ్లాసును తట్టుకుంటుందని అనుకుంటున్నాం. అనుకుంటున్నాం, అంతే. ఈలోగా పిల్ల చెయ్యి చాపి గ్లాసు లాక్కుంది. గటగటా తాగేసింది. గొంతులో నీళ్ళు దిగుతున్న చప్పుడు వార్డంతా వినపడింది. ఆ గొంతు వైపు చూస్తూ ముసలామె మంచం పట్టీని గట్టిగా పట్టుకుంది. డాక్టరు గారికి ఓపీలో జనం ఎదురుచూస్తున్నారు, ఆయన కదల్లేదు. నా బల్ల మీద పని ఉంది, నేనూ కదల్లేదు.

గాడ్పు కిటికీ రెక్కను కొడుతోంది. ఎంతసేపలా ఉన్నామో నాకు తెలియదు. పిల్ల మా అందర్నీ వింతగా చూసింది. సిగ్గుపడి దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

“అమ్మమ్మా” అంది దుప్పటి లోంచి. “ఈళ్ళని పొమ్మను. నాకు వస్తోంది.”